టార్క్ సరిగ్గానే పెట్టారు, అయినా హెడ్ గ్యాస్కెట్ రెండుసార్లు ఎందుకు పోయింది? ఓ ట్రాక్టర్ ఇంజన్ కేసు

కాలవలకు నీళ్లు వదిలి దమ్ము మొదలైందంటే గుడివాడ చుట్టుపక్కల మెకానిక్ షాపులకు వేడెక్కిన ట్రాక్టర్లు వరస కడతాయి. కేజ్ వీల్స్ కట్టి రోజంతా బురదలో లాగుతారు. రేడియేటర్ ముందు జాలీకి గడ్డి, దుమ్ము పట్టేస్తాయి. నీళ్లు తగ్గితే పక్క బోదెలో నీళ్లే ముంచి పోస్తారు. వేడెక్కి హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాక్‌కూ, దాని మీద మూతలా కూర్చునే హెడ్‌కూ మధ్య ఉండే సీలు) పోవడం మాకు కొత్త కాదు. ఈ బండి గురించి ప్రత్యేకంగా రాయడానికి కారణం వేరు. దీనికి అప్పటికే వేరే చోట రెండుసార్లు గ్యాస్కెట్ మార్చారు. రెండుసార్లూ టార్క్ రెంచ్‌తోనే (తిప్పే బలాన్ని, అంటే టార్క్‌ను, కొలిచే పానా), మాన్యువల్లో ఉన్న అంకెకే బిగించారు. అయినా సీజన్ సగంలోకి వచ్చేసరికి మూడోసారి పోయింది.

బండి 50 హెచ్‌పీ తరగతిది. నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజన్, వెట్ లైనర్లు (చుట్టూ నీళ్లు తగిలే, విడిగా తీయగల సిలిండర్ గొట్టాలు), నాలుగింటికీ కలిపి ఒకటే హెడ్, 18 హెడ్ బోల్టులు. బోల్టులు 12 ఎంఎం, తల మీద 10.9 అని బలం గ్రేడు అచ్చు. కంపెనీ పేరుతో ఇక్కడ పని లేదు, ఎందుకంటే ఈ తప్పు ఏ కంపెనీ ఇంజన్లోనైనా జరగగలదు. మాన్యువల్ ప్రకారం మరలకు కొంచెం ఇంజన్ ఆయిల్ రాసి మూడు విడతలుగా బిగించాలి: 4, 8, 11 కేజీ మీటర్లు (మీటరు పొడవు పిడి చివర కేజీ బరువు వేలాడితే ఒక కేజీ మీటర్). ఈ అంకెలు ఈ ఇంజన్‌వి మాత్రమే, ఇంకో ఇంజన్‌కు వాడకండి.

రైతు వస్తూనే ఒక నిర్ణయానికి వచ్చేశాడు. "మేస్త్రి గారూ, ఈసారి హెడ్డే మార్చేద్దామండి. ఎంతైనా పర్లేదు, నాట్లు ఆగిపోతున్నాయి" అన్నాడు. పాత మెకానిక్ మీద అతనికి కోపం ఉంది. నేను ఆ మెకానిక్‌కి ఫోన్ చేసి ఏం చేశాడో అడిగాను. దాపరికం లేకుండా అంతా చెప్పాడు: మధ్య నుంచి బయటకు వరస, మూడు విడతలు, చివరికి 11. తన టార్క్ రెంచ్ కూడా పంపించాడు, "మీరే చెక్ చేయండి" అని. చేతి అంచనాతో పైపు తొడిగి లాగేసే రకం కాదన్నమాట. పనిలో శ్రద్ధ ఉన్న మనిషి చేసినా పోయిందంటే కేసు మరింత జాగ్రత్తగా చూడాల్సిందే.

విప్పకముందు చూసినవి

చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన కాసేపటికే రేడియేటర్ మూతి దగ్గర బుడగలు. నీళ్లు ఇంకా వేడెక్కలేదు, కానీ పై హోస్ చేతికి గట్టిగా తగులుతోంది. సిలిండర్లో మంట ఒత్తిడి నీళ్లలోకి వెళ్తోందనడానికి ఇంతకంటే గుర్తు అక్కర్లేదు. కంప్రెషన్ 3, 4 సిలిండర్లలో పడిపోయింది.

చాలామంది ఇక్కడే హెడ్ ఎత్తేస్తారు. నా అలవాటు వేరు. ప్రతి బోల్టు తలకూ, దాని పక్కన హెడ్ మీదకూ కలిపి పెయింట్ గీత పెడతాను. కొంచెం వదులు చేసి, డయల్ టార్క్ రెంచ్‌తో మళ్లీ ఆ గీతల దాకా తెచ్చి, గీతలు కలిసినప్పుడు ముల్లు ఎంత చూపిస్తుందో రాసుకుంటాను. హెడ్ ఎత్తేశాక ఈ సమాచారం మళ్లీ దొరకదు. ఈ బండిలో అన్ని బోల్టులూ 9, 10 కేజీ మీటర్ల దగ్గరే ఉన్నాయి, మూడు మాత్రం 8కి దిగాయి. గ్యాస్కెట్ నలిగి సర్దుకున్నాక ఆమాత్రం తగ్గడం మామూలే. టార్క్ లెక్కన చూస్తే తప్పు పట్టడానికి ఏమీ లేదు.

అసలు ఆధారం పూర్తిగా విప్పేటప్పుడు దొరికింది. 1, 2 సిలిండర్ల వైపు బోల్టులు మామూలుగా వచ్చాయి. మొదట టక్కుమని కదిలి, కొంత తిరిగాక వదులై, ఆ తర్వాత వేళ్లతోనే తిరిగాయి. 3, 4 వైపు బోల్టులు అలా రాలేదు. కాస్త తిప్పగానే తల కింది వాషర్ వదులై వేలితో గిర్రున తిరుగుతోంది, బోల్టు మాత్రం పానా పెడితే తప్ప రావడం లేదు. వాషర్ వదులయిందంటే హెడ్ మీద బోల్టు పట్టు సున్నా. ఇక బోల్టును ఆపుతున్నది మరలు ఒక్కటే. డయల్ రెంచ్ పెట్టి చూస్తే, పట్టు ఏమీ లేని ఆ బోల్టును తిప్పడానికే 3 నుంచి 4 కేజీ మీటర్లు పడుతోంది.

పచ్చడి సీసా మర మూతలో ఉప్పు, కారం ఇరుక్కుంటే ఏమవుతుందో ఇంట్లో అందరికీ తెలుసు. చేతికి గట్టిగా బిగిసినట్టే ఉంటుంది, సీసా వంచితే నూనె కారుతుంది. ఇక్కడ జరిగిందీ అదే.

అంకె ఒకటే, పట్టు వేరు

టార్క్ రెంచ్ బోల్టు పట్టును కొలవదు. బోల్టు తిరగడానికి ఎంత అడ్డుపడుతుందో కొలుస్తుంది. బాగున్న బోల్టులో కూడా మనం పెట్టే టార్క్‌లో సుమారు సగం తల కింది రాపిడికి పోతుంది, ఇంకో 40 శాతం మరల రాపిడికి పోతుంది. బోల్టును సాగదీసి పట్టు పుట్టించేది మిగిలిన 10 శాతమే. బోల్టు అంటే ఒక గట్టి స్ప్రింగ్. సాగితేనే లాగి పట్టుకుంటుంది. రాపిడి కాస్త పెరిగినా ఆ 10 శాతంలోంచే కోత పడుతుంది. రెంచ్‌కి అది తెలియదు, తన అంకెకు తను క్లిక్ కొడుతుంది.

ఈ కేసులో లెక్క చూద్దాం. 11 కేజీ మీటర్లంటే సుమారు 108 న్యూటన్ మీటర్లు. శుభ్రమైన, నూనె రాసిన 12 ఎంఎం బోల్టుకు ఆ టార్క్‌తో దాదాపు 5.7 టన్నుల పట్టు వస్తుంది. అందులో 4 కేజీ మీటర్లు తుప్పు మరలకే పోతే పనికొచ్చేది 7, అంటే పట్టు 3.6 టన్నుల దగ్గర ఆగిపోతుంది. మూడో వంతుకు పైగా గల్లంతు. ఇక ఎదురుగా ఉన్న బలం చూడండి. 100 ఎంఎం బోర్ ఉన్న డీజిల్ సిలిండర్లో మంట ఒత్తిడి 80 బార్ అనుకున్నా, హెడ్‌ను పైకి తోసే బలం 6 టన్నులు దాటుతుంది. 2000 ఆర్‌పీఎం దగ్గర ఒక్కో సిలిండర్ నిమిషానికి 1000 సార్లు అలా తోస్తుంది. పట్టు తక్కువగా ఉన్న చోట హెడ్ ప్రతిసారీ కంటికి కనపడనంత లేచి కూర్చుంటుంది, గ్యాస్కెట్ ఇనప రింగు అరుగుతుంది, సందులోంచి మంట తొంగిచూస్తుంది. హెడ్ ఎత్తాక చూస్తే గ్యాస్కెట్ సరిగ్గా 3, 4 సిలిండర్ల మధ్య నల్లగా కాలి ఉంది. బోల్టులు చెప్పినదానికి సరిపోయింది.

"అయితే గ్రీజు దట్టంగా పూసేస్తే రాపిడి పోతుంది కదా" అని మా కుర్రాళ్లలో ఒకడు అడిగాడు. అది ఇంకో ప్రమాదం. బాగా జారుడుగా ఉండే మోలీ గ్రీజు లాంటిది పూసి అదే 11 పెడితే పట్టు 8 టన్నులు దాటిపోతుంది. 10.9 గ్రేడ్ 12 ఎంఎం బోల్టు సుమారు 7 టన్నుల దాకానే సాగి మళ్లీ మామూలు పొడవుకు వస్తుంది. దాన్ని దాటితే శాశ్వతంగా సాగిపోతుంది, లేదా బ్లాక్‌లో మరలు ఊడి వస్తాయి. మాన్యువల్ ఏ నూనె చెబితే ఆ నూనె, పొడిగా అంటే పొడిగా. అంకె, నూనె రెండూ కలిపి ఒకే సూచన. ఒకటి తీసుకుని ఇంకోటి వదిలేస్తే కుదరదు.

అనుమానితులను ఒక్కొక్కరినీ వదిలించడం

మరల మీద అనుమానం బలపడినా మిగతావి చూడకుండా తీర్పు చెప్పలేం. ముందు రెంచ్. ల్యాబ్‌కి పంపే టైం లేదు. దాని చదరపు ముక్కును వైస్‌లో బిగించి, పిడి అడ్డంగా ఉండేలా పెట్టి, ధాన్యం కాటా దగ్గరి 20, 5 కేజీల తూకం రాళ్లు కలిపి తగిలించాం. ముక్కు మధ్య నుంచి 43 సెంటీమీటర్ల దూరంలో 25 కేజీలంటే 10.75 కేజీ మీటర్లు. రెంచ్ సొంత బరువు ఇంకో 0.3 దాకా కలుపుతుంది, దీన్ని చాలామంది మర్చిపోతారు. 11కి సెట్ చేసిన రెంచ్ ఆ చుట్టుపక్కలే క్లిక్ కొట్టింది. క్లిక్ రెంచ్‌కు ఐఎస్ఓ 6789 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 4 శాతం అటూ ఇటూ తేడా ఒప్పుకుంటారు. ఏడాదికో, 5000 క్లిక్కులకో ఒకసారి క్యాలిబ్రేషన్ చేయించాలి. తూకం రాళ్ల పరీక్ష దానికి బదులు కాదు, కానీ రెంచ్ ఘోరంగా తప్పు చెబుతుంటే ఇక్కడే దొరికిపోతుంది. ఇది దొరకలేదు. రెంచ్ నిర్దోషి.

యూనిట్ల తికమక కూడా చూశాను. ఒకే బిగింపు కేజీ మీటర్లలో 11, న్యూటన్ మీటర్లలో 108, ఫుట్ పౌండ్లలో 80. రెంచ్ పిడి మీద రెండు స్కేళ్లు పక్కపక్కనే ఉంటాయి. చార్టులో 80 ఫుట్ పౌండ్లు చూసి న్యూటన్ మీటర్ల గీత మీద 80 పెట్టిన కేసులు ఉన్నాయి, అప్పుడు ముప్పావు వంతు బిగింపే వస్తుంది. ఇక్కడ అలా జరగలేదు.

హెడ్ మీద స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి ఫీలర్ గేజ్ దూర్చి చూస్తే వంపు 0.05 ఎంఎం లోపే. అంటే హెడ్ మార్చే ఖర్చు రైతుకు తప్పింది. వెట్ లైనర్ ఇంజన్లో మర్చిపోకూడనిది ఇంకోటుంది: ప్రతి లైనర్ అంచు బ్లాక్ కంటే ఎంత పైకి ఉందో డయల్ గేజ్‌తో చూడాలి. ఒకటి దిగిపోయినా ఆ సిలిండర్ చుట్టూ గ్యాస్కెట్ నలగదు, బోల్టులు ఎంత బాగున్నా లాభం లేదు. నాలుగూ మాన్యువల్ హద్దులోనే, ఒకదానికొకటి దగ్గరగానే ఉన్నాయి.

మిగిలింది బోల్టు రంధ్రాలు. 3, 4 వైపు రంధ్రాల్లో టార్చ్ వేసి చూస్తే ఎర్రటి తుప్పు బురద. రేడియేటర్లో కూలెంట్ లేకుండా బోదె నీళ్లు పోసిన ఫలితం. హెడ్ ఎత్తిన ప్రతిసారీ ఆ నీళ్లు రంధ్రాల్లోకి కారతాయి, అడుగు మూసుకుని ఉన్న రంధ్రం కాబట్టి ఎటూ పోవు. పైపైన గుడ్డతో తుడిస్తే లోపలిది లోపలే ఉంటుంది. బండి వెనక్కి వాలి ఉండటంతో నీళ్లు ఆ వైపే చేరి ఉంటాయని నా అంచనా. రెండు రంధ్రాల్లో అడుగున నూనె కూడా నిలిచి ఉంది. బోల్టును నూనెలో ముంచి తీసి పెడితే ఇలా అవుతుంది. ద్రవం నలగదు కాబట్టి బోల్టు దాన్ని నొక్కి అక్కడే ఆగిపోతుంది, రెంచ్ ముందే క్లిక్ కొడుతుంది. అదృష్టం బాగోకపోతే బ్లాక్ పగులుతుంది. అప్పుడు ఖర్చు గ్యాస్కెట్‌తో పోదు.

వాషర్ల సంగతీ చెప్పాలి. 8కి దిగిన మూడు బోల్టుల కింద గట్టి వాషర్లకు బదులు బజారులో దొరికే మామూలు వాషర్లు ఉన్నాయి. బోల్టు తల ఒత్తిడికి అవి గిన్నెల్లా లోపలికి దిగిపోయాయి. ఈ పొడవు బోల్టు పూర్తి బిగింపులో సాగేది మొత్తం 0.3 ఎంఎం దగ్గరే. వాషర్ 0.05 ఎంఎం కుంగితే పట్టులో ఆరో వంతు దాకా పోయినట్టే. ఒక్క వాషర్ ధర ఎంతనీ!

తిరిగి కట్టడం

3, 4 పిస్టన్లు వేడికి గీసుకుపోయాయి కాబట్టి లైనర్, పిస్టన్ సెట్లు మార్చాం. రాడ్లు ఎటూ బయటకు వచ్చాయి కాబట్టి బిగ్ ఎండ్ బోల్టులూ (పిస్టన్ రాడ్‌ను కింద క్రాంక్‌కు కట్టేవి) కొత్తవే. హెడ్ బోల్టు వదులైతే గ్యాస్కెట్ పోతుంది, బిగ్ ఎండ్ బోల్టు వదులైతే రాడ్ బ్లాక్ బద్దలు కొట్టుకుని బయటకు వస్తుంది. పైగా అది ఒక్కసారిగా తెగదు. బిగింపు చాలనప్పుడు ప్రతి తిరుగుడులోనూ లాగుడు పడి, అలసి తెగుతుంది. తెగిన బోల్టు చూసి "ఎక్కువ బిగించారు" అంటుంటారు. నేను చూసినంతలో తక్కువ బిగించి తెగినవే ఎక్కువ.

రంధ్రాలు శుభ్రం చేయడానికి మామూలు ట్యాప్ వాడలేదు. కోసే ట్యాప్ బాగున్న మరల నుంచి కూడా లోహం తీసేస్తుంది. అదే మర ఉన్న పాత బోల్టు ఒకటి తీసుకుని, కొన దగ్గర నిలువుగా హాక్సా బ్లేడుతో మూడు గాడులు కోశాం. డీజిల్ వేసి దాన్ని ముందుకీ వెనక్కీ తిప్పితే తుప్పు గాడుల్లో చేరి బయటకు వస్తుంది. తర్వాత పెట్రోల్‌తో కడిగి కంప్రెసర్ గాలి కొట్టాం. కళ్లద్దాలు లేకుండా ఈ పని ఎవరినీ చేయనివ్వను, రంధ్రంలోంచి చెత్త నేరుగా మొహం మీదకే వస్తుంది. ప్రతి రంధ్రంలోనూ కొత్త బోల్టు అడుగు దాకా వేళ్లతో తిరగాలి. తిరగకపోతే మళ్లీ కడగాలి. టార్క్ పని మొత్తంలో ఎక్కువ సమయం పట్టింది ఇక్కడే, రెంచ్ పట్టింది కాసేపే.

బోల్టులు కొత్తవి వేద్దామంటే రైతు ఒప్పుకోలేదు. "ఇనప బోల్టులకేమవుతుందండి" అన్నాడు. ఒక పాతదాన్ని కొత్తదాని పక్కన నిలబెట్టి, మెడ దగ్గర వెర్నియర్ పెట్టి చూపించాను. పాతది సన్నబడింది, పొడవు కూడా పెరిగింది. ఇంకేం మాట్లాడలేదు, 18 కొత్తవి, గట్టి వాషర్లతో సహా తెప్పించాడు. కొత్త తరం ఇంజన్లలో కొంత టార్క్ పెట్టి ఆ పైన ఇన్ని డిగ్రీలు తిప్పమంటారు. ఆ బోల్టులను చాలా వాటిలో సాగే హద్దు దాటేలా బిగిస్తారు కాబట్టి ఒకసారి విప్పితే మళ్లీ వాడకూడదు. మన ట్రాక్టర్ బోల్టు ఆ రకం కాదు, కానీ రెండుసార్లు విప్పి బిగించి, ఆపైన వేడెక్కినదాన్ని నేను నమ్మను.

గ్యాస్కెట్‌కు గమ్ పూయలేదు. మరల మీద, తల కింద నూనె వేలితో రాశాం, కారేంత కాదు. మధ్య నుంచి బయటకు వరస. 4 దగ్గర ఆపి ప్రతి బోల్టు మీదా పెయింట్ గీత పెట్టాం. తర్వాత 8, ఆపైన 11. లాగుడు నెమ్మదిగా, ఒకే ఊపులో. మధ్యలో ఆగితే మళ్లీ కదిలించడానికి ఎక్కువ బలం పట్టి రెంచ్ తొందరపడి క్లిక్ కొడుతుంది. అలా ఆగినప్పుడు అర చుట్టు వదులు చేసి మళ్లీ మొదటి నుంచి లాగించాను. క్లిక్ అయ్యాక "ఇంకోసారి" అని లాగే అలవాటు మా వాళ్లలో ఒకరిద్దరికి ఉంది, అది మాన్పించడమే కష్టం.

గీతలు పెట్టింది ఊరికే కాదు. 4 నుంచి 11కి చేరడానికి ఒక్కో బోల్టు ఎన్ని డిగ్రీలు తిరిగిందో అవి చెబుతాయి. టార్క్ రాపిడిని దాచగలదు కానీ, తిరిగిన కోణం బోల్టు ఎంత సాగిందో చూపిస్తుంది. 16 బోల్టులు 65 నుంచి 80 డిగ్రీల మధ్య తిరిగాయి. వరసలో 9వది 60 దగ్గర ఆగింది, సరేననుకున్నాం. 14వది 35 డిగ్రీలకే క్లిక్ కొట్టింది. రెంచ్ ఒక్కదాన్నే నమ్మి ఉంటే అది కూడా పాసయ్యేది. విప్పి చూస్తే తల కింద వాషర్ రంధ్రం అంచున చిన్న ఇనప రజను ఉంది, అది బోల్టు మెడను గీరుతోంది. వాషర్ మార్చి, ఆ బోల్టును మళ్లీ మూడు విడతలుగా బిగిస్తే 70కి వచ్చింది.

అప్పగింత, రీటార్క్

స్టార్ట్ చేసి వేడెక్కే దాకా నడిపి చూశాం. బుడగలు లేవు, హోస్ మెత్తగా ఉంది. ఈ గ్యాస్కెట్‌కు రీటార్క్, అంటే కొంత నడిచాక మళ్లీ బిగించడం, కావాలని మాన్యువల్లో ఉంది. కొన్ని కొత్త రకం గ్యాస్కెట్లకు అసలు చేయొద్దంటారు, ప్యాకెట్ మీద చదివి చేయాలి. 50 గంటలు పనిచేశాక, పూర్తిగా చల్లారిన ఇంజన్ మీద, ఒక్కో బోల్టును వరసలో కొంచెం వదులు చేసి మళ్లీ 11కి తెచ్చాం. హెడ్ కాస్త కిందకు కూర్చుంటుంది కాబట్టి టాపెట్లు (వాల్వుల దగ్గర ఉండాల్సిన సందు) కూడా తిరిగి సెట్ చేశాం. కొంతమంది ఇది వదిలేస్తారు, తర్వాత వాల్వు కాలిపోతే డీజిల్‌ను తిడతారు. రేడియేటర్లో బోదె నీళ్లు తీసేసి కూలెంట్ పోయించాను. రైతు దానికి కూడా బేరమాడాడు.

రీటార్క్‌లో 17 బోల్టులు పాత గీతను దాటి ఇంచుమించు ఒకేలా, కొద్దిగా ముందుకు వచ్చాయి. 14వది మాత్రం మిగతావాటి కంటే ఎక్కువ తిరిగింది. కొత్త వాషర్ కూర్చోవడం వల్లే అయి ఉండొచ్చు, ఆ రంధ్రంలో మరలు అరిగి ఉన్నా ఇలాగే జరుగుతుంది. దాని తల మీద ఎర్ర పెయింట్ వేసి వదిలాను. వచ్చే ఆయిల్ మార్పిడికి గీత కదిలి కనిపిస్తే ఆ రంధ్రానికి హెలికాయిల్ (అరిగిన మరల బదులు కూర్చోబెట్టే తీగ చుట్ట) వేయాలి. ఆ మాట జాబ్ కార్డు మీద రాసి రైతుకు ఒక కాపీ ఇచ్చాను, ఇంకోటి పాత మెకానిక్‌కి రెంచ్‌తో పాటు పంపించాను. ఆయన ఫోన్ చేసి అడిగింది ఒక్కటే: హాక్సాతో గాడులు కోసిన ఆ పాత బోల్టు ఫొటో.